బాపుకు ఎడమ దిక్కున టీవీ

మా బాపు 2020 మార్చి రెండో వారంలో దుబాయ్ దిక్కు అజ్మాన్ నుంచి వీల్‌చైర్‌లో దిగాడు. ఇంకో పది రోజులు ఆలస్యమైతే విదేశీ విమానాలే ఆగిపోయేవి. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయినయి. కోరుట్లలో ఇంటికి తెచ్చుకున్న మూడో రోజు అవ్వ ఒక సంగతి కనిపెట్టింది. కంచంలో ఎడమవైపు అన్నం మాత్రమే తింటున్నాడు, కుడి సగం అట్లనే మిగులుతున్నది. కరీంనగర్‌ల చూపిస్తే డాక్టరు చెప్పాడు: "కండ్లు మంచిగనే ఉన్నయి. మెదడుకే కుడి సగం అందుతలేదు. ఏం చూపించినా ఎడమ దిక్కు నుంచి చూపించుండ్రి, పెద్దగ చూపించుండ్రి."

ఈ రెండు మాటల కోసమే నేను కంప్యూటరు కొనాల్సి వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్లు డబ్బు పెట్టాను. మొదటి మూడుసార్లు పెట్టింది పోయింది. మా ఇంట్లో అప్పుడు పోగొట్టుకునే డబ్బు లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ప్రైవేటు బడిలో లెక్కల సారును. ఆ మార్చి నుంచి జీతం బంద్ అయింది. అవ్వ బీడీలు చేస్తుంది. అప్పుడు ఆమెకు నెలకు 2,016 రూపాయల బీడీ పింఛన్ వచ్చేది. తమ్ముడు అజ్మాన్‌లోనే ఉండిపోయాడు. బాపు, తమ్ముడు ఒకే క్యాంపులో, ఒకే గదిలో పైమంచం కిందమంచం. బాపు గదిలో పడిపోయినప్పుడు ఎత్తుకున్నది వాడే. కంపెనీ వాడికి లీవు ఇవ్వలేదు, సగం జీతం ఇచ్చింది. బాపుకు కావాల్సింది వాడు. మాట రాదు కాబట్టి ఎడమ చేత్తో నా ఫోన్ మీద వేలితో కొట్టేవాడు. అంటే తమ్మున్ని చూపించమని.

దుబాయ్ దిక్కు నుంచి వాట్సాప్‌లో మాట, వీడియో కాల్ కలవవని గల్ఫ్ ఇండ్లల్లో అందరికీ తెలుసు. ఏవేవో వేరే యాప్‌లతో నెట్టుకొచ్చేవాళ్లం. కరోనా వచ్చాక ఆ దేశంలో జూమ్‌కు అనుమతి ఇచ్చారు. వారానికి రెండుసార్లు తమ్ముడు జూమ్‌లో కనిపించేవాడు. కానీ అరచెయ్యంత ఫోన్‌లో, అదీ కుడి సగం కనిపించని మనిషికి, ఎంత కనిపిస్తది? బాపు ఫోన్‌ను మొకానికి దగ్గరగా తెచ్చుకుని, దూరం పెట్టి, తల తిప్పి, అలసిపోయి పక్కన పెట్టేవాడు.

ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది. బాపు పంపిన డబ్బుతోనే 2013లో కొన్నది. దానికి ఇంటర్‌నెట్ లేదు. మంచం తిప్పి, టీవీ బాపుకు ఎడమవైపు పడేట్టు గోడకు బిగించాను. ఇక దానికో కంప్యూటరు తగిలిస్తే చాలనుకున్నాను. టీవీ వెనక గుచ్చుకునే స్టిక్ కొనొచ్చు కదా అని బావ అన్నాడు. ఆలోచించాను. మా చెల్లె పెండ్లి 2012లో అయింది. బాపుకు అప్పుడూ లీవు దొరకలేదు. ఆ పెండ్లి నాలుగు డీవీడీల్లో ఉంది, బాపు ఒక్కసారీ నిండుగా చూడలేదు. స్టిక్‌లో డీవీడీ ఆడదు, దానికి కెమెరా పెట్టి తమ్మునితో మాట్లాడలేము. నేను పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పుకుని నాలుగు పైసలు సంపాదించాలన్నా దానితో కాదు. ఎవరో దుబాయ్ నుంచి తెచ్చిన ఆండ్రాయిడ్ డబ్బా ఒకటి రెండు రోజులు పెట్టి చూశాం, అదీ అంతే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు గురించి కూడా చదివాను. సినిమాలకు మంచిదే, కానీ దానికి జూమ్ వాళ్ల సాఫ్ట్‌వేర్ లేదు. కంప్యూటరే కావాలి.

2020 సెప్టెంబర్ ఒకటిన సర్కారు బడుల పిల్లలకు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనయి. ఆ నెల పాత కంప్యూటర్లకు ఎక్కడ లేని గిరాకీ. మా ఊరి దుకాణంలో 5,500కు ఒకటి దొరికింది. కోర్ టు డుయో ఈ4500, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్. "ఇంట్ల సినిమాలు సూసుకునుటానికే గద సార్, ఇది సాలు" అన్నాడు. నేనూ అట్లనే నమ్మిన. సినిమా ఆడించడం కంప్యూటరుకు చిన్న పని అని నా మనసులో ఉండె. ఆ తప్పుతోనే మొదలైంది.

పెండ్లి డీవీడీలు బాగానే ఆడినయి. నాలుగింటిలో మూడోది గీతలు పడి చదవలేదు, అప్పగింతలు అందులోనే ఉన్నయి. మిగతావి బాపు రెండు రోజులు చూశాడు. ఎన్టీఆర్ పాత సినిమాలూ ఆడినయి. యూట్యూబ్ పెడితే మాత్రం బొమ్మ ఆగి ఆగి నడిచేది. జూమ్‌లో తమ్ముని మొకం గడ్డకట్టి, గొంతు మాత్రం వచ్చేది. నెట్ మంచిగ లేదనుకున్నాను. నెట్ ప్యాకేజీ పెంచాను. అదీ దండుగే.

నవంబర్‌లో మెట్‌పల్లి ఆయన ఒకరు అజ్మాన్ నుంచి వస్తూ తమ్ముడు ఇచ్చిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. మా చిన్నతనంలో బాపు గొంతు క్యాసెట్లలో వచ్చేది, వచ్చేటోళ్ల చేతికి ఇచ్చి పంపేవాడు. ఇప్పుడు తమ్ముడు వీడియోలు పంపాడు. పదకొండు ఫైళ్లు. క్యాంపు గది, బాపు మంచం, బాపు వండిన పొయ్యి. మెట్‌పల్లి, రాయికల్, కథలాపూర్ మనుషులు, బాపుతో పదేండ్లు, పదిహేనేండ్లు కలిసి పనిచేసినోళ్లు, ఒక్కొక్కరు కెమెరా ముందుకొచ్చి బాపును పేరు పెట్టి పిలిచి మాట్లాడుతున్నరు.

ఇదంతా తర్వాత చూసింది. ఆ రోజు కనిపించింది వేరు. ఫైలు నొక్కితే మొదటి బొమ్మ వచ్చి ఆగింది. గొంతు నడుస్తున్నది: "ఏమన్నా, మంచిగున్నవా? మా కాడికి ఎప్పుడస్తవు?" తెర మీద ఒక చెయ్యి, సగం మొకం, అట్లనే నిలిచిపోయినయి. బాపు గొంతు గుర్తుపట్టాడు. ఎడమ చేత్తో మంచం కోడు పట్టుకుని లేవబోయాడు. నా దిక్కు చూసి, టీవీ దిక్కు చూసి, పరుపు మీద చేత్తో కొట్టాడు. ఒకటి కాదు, పదకొండు ఫైళ్లూ అంతే. చివరికి టీవీ బంద్ చేశాను. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు.

ఎందుకు ఆడలేదో నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. వీడియోను ఉన్నదున్నట్టు దాచాలంటే ఏ పెన్‌డ్రైవూ సరిపోదు. అందుకే దాన్ని కుదించి మూట కట్టి దాస్తారు, ఆడించేటప్పుడు క్షణానికి పాతిక ముప్పై బొమ్మల చొప్పున విప్పుతూ పోవాలి. మూట కట్టే పద్ధతులు కాలాన్ని బట్టి మారినయి. డీవీడీలది పాత పద్ధతి, విప్పడం తేలిక. ఆ తర్వాత హెచ్264 వచ్చింది. తమ్ముని కొత్త ఫోన్ తీసింది హెచ్‌ఈవీసీలో, అదీ 4కె సైజులో. యూట్యూబ్ అప్పట్లో ఎక్కువగా పంపింది వీపీ9లో. కొత్త చిప్పుల్లో ఈ మూటలు విప్పడానికి వేరే భాగమే ఉంటుంది. అది విప్పుతుంటే ప్రాసెసర్‌కు పెద్ద పని ఉండదు. అది లేని చిప్పు అయితే మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. 2007 నాటి ఈ4500కు ఆ బరువు మోసే శక్తి లేదు. అది దాని తప్పు కాదు, దాని కాలంలో ఆ పద్ధతులే లేవు.

ఇంకో సంగతి. మా టీవీ 1366 ఇంటూ 768 చుక్కలదే. 4కె మనకెందుకు అనుకుంటాం. టీవీ చిన్నదైనా లోపలికి వచ్చే ఫైలు పెద్దదైతే ముందు దాన్ని మొత్తం విప్పాల్సిందే, ఆ తర్వాతే టీవీ సైజుకు తగ్గించేది. మీ టీవీ ఎంత అని మాత్రమే చూసి డబ్బా కొనకండి. మీ ఇంటికి వచ్చే ఫైళ్లు ఎటువంటివో చూడండి.

ఇవేవీ తెలియకముందే డిసెంబర్‌లో రెండో తప్పు చేశాను. దుకాణంలో చెబితే "గ్రాఫిక్స్ కార్డు ఏస్తే అన్ని ఆడుతయి" అన్నాడు. జీటీ 710, రెండు జీబీ, 3,400. తమ్ముడు పంపిన డబ్బులో నుంచి ఇచ్చాను. కార్డు మీద ఎన్ని జీబీ అన్నదే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది, మనమూ అదే అడుగుతాం. ఏ మూటను విప్పగలదో ఎక్కడా రాయరు. జీటీ 710 హెచ్264ను విప్పుతుంది. హెచ్‌ఈవీసీని, వీపీ9ని విప్పలేదు. అంటే నాకు కావాల్సిన రెండూ దానికి రావు. పెన్‌డ్రైవ్ పెట్టాను. అదే చెయ్యి, అదే సగం మొకం. ఈసారి బాపును పిలవక ముందే చూసుకున్నాను.

కార్డు వల్ల ఒక్క లాభం, హెచ్‌డీఎంఐ వైరు. బొమ్మ, శబ్దం ఒకే వైరులో. కానీ టీవీ నాలుగు అంచులూ కోసేసింది. మామూలు మనిషికి అది చిన్న సంగతి. బాపుకు కనిపించేదే ఎడమవైపు, ఆ ఎడమ అంచే పోయింది. టీవీ సెట్టింగుల్లో బొమ్మ సైజు దగ్గర, కంప్యూటరు పంపినదాన్ని పంపినట్టు చూపించే ఐచ్ఛికం ఒకటి ఉంటుంది. ఒక్కో కంపెనీ టీవీలో ఒక్కో పేరు. దాన్ని వెతకడానికి నాకు వారం పట్టింది.

యూట్యూబ్ సంగతి ఒక శిష్యుడు సరిచేశాడు. యూట్యూబ్ హెచ్264లోనే పంపేటట్టు చేసే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి బ్రౌజర్‌కు తగిలించాడు. పైసా ఖర్చు లేదు. పాటలు ఆగకుండా వచ్చినయి. సెప్టెంబర్‌లోనే తెలిసి ఉంటే నెట్ ప్యాకేజీ పెంచేవాన్ని కాదు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. మా జగిత్యాల దిక్కు ఏప్రిల్, మే ఎట్లుంటయో చెప్పనక్కర్లేదు, 44 డిగ్రీలు దాటుతది. కంప్యూటరు సినిమా మధ్యలో ఆగిపోవడం మొదలైంది. అరగంట ఆడి, టప్‌న బంద్. మళ్లీ పెడితే పది నిమిషాలు. బాపు నాలుక మీద మాట నిలవదు కాబట్టి ఒక్కటే శబ్దం చేసేవాడు, దాన్ని నేను ఇక్కడ రాయలేను. అవ్వ పరుగెత్తుకొచ్చేది. నేను డబ్బాను మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాను. మూత తీసి ఫ్యాన్ కింద చూసి ఆయన అడిగిన మొదటి మాట:

"సార్, మీ ఇంట్ల బీడీలు చేస్తరా?"

ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య గోధుమరంగు దుమ్ము మెత్తలా పేరుకుంది. తంబాకు. తునికాకు కత్తిరించిన పొడి. బాపు మంచం పక్కనే అవ్వ చాట పెట్టుకుని కూర్చుంటుంది, బాపును చూసుకుంటూ బీడీలు చేసుకోవచ్చని. ఆ పొడిని ఫ్యాన్ లోపలికి గుంజుకున్నది. గాలి ఆడక, వేడెక్కి, కాలిపోకుండా తనను తాను బంద్ చేసుకుంటున్నది. మెకానిక్ బ్లోయర్‌తో ఊది, కొత్త పేస్టు రాసి ఇచ్చాడు. రెండు వారాలకు మళ్లీ అంతే.

సంగతి అవ్వకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తెల్లారి చూస్తే అవ్వ చాట పట్టుకుని అర్రలో నుంచి బయటికి పోయి రేకుల కింద కూర్చుంది. ఏప్రిల్ ఎండలో రేకుల కింద. "లోపలికి రా అవ్వా" అంటే, "నేను ఈడ కూసుంట తియ్యి. మీ బాపును సినిమా సూడనియ్యి" అన్నది. ఐదున్నర వేల డబ్బాలోకి దుమ్ము పోవద్దని అరవై ఏండ్ల మనిషి రేకుల కింద ఉడికింది. నలభై ఏండ్లు ఆ తంబాకు పొడి ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయింది, దాన్ని ఊదడానికి ఏ బ్లోయరూ లేదు. ఆ నెల నేను చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ నిద్రపట్టనియ్యనిది ఇదే.

ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకే దుకాణాలు. ఆ మధ్యలో ఒకరోజు సాయంత్రం గాలిదుమారం వచ్చి కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. డబ్బా వెనక నుంచి పొగ వాసన. డబ్బాకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోయింది. మీద 450 వాట్లని స్టిక్కరు ఉంది. తెల్లారి మెకానిక్ దాన్ని నా చేతిలో పెట్టి, పక్కనే మంచిదొకటి ఇంకో చేతిలో పెట్టాడు. బరువులో సగం లేదు. లోపల ఉండాల్సిన ఫిల్టర్లు, కాయిల్స్ ఎగ్గొట్టి స్టిక్కరు అతికించినది. సర్కారు ఇచ్చిన రెండు వేలలో 850 పెట్టి కొత్తది వేయించాను. అప్పుడు తెలిసింది, పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయిందని. ఆ 850 బాపు మాత్రలకు పది రోజులకు వచ్చేవి.

మొత్తం 9,750. డబ్బా మూలకు పడింది. నాలుగు నెలలు బాపు గోడకు ఉన్న నల్లటి టీవీని చూస్తూ పడుకున్నాడు.

ఆ నాలుగు నెలలు నేను చదివాను. ముందు చదవాల్సింది అప్పుడు చదివాను. జీటీ 1030 అయితే హెచ్‌ఈవీసీ, వీపీ9 రెండూ విప్పుతుందని తెలిసి ధర అడిగితే 8,500 అన్నారు. ఆ ఏడాది గ్రాఫిక్స్ కార్డుల ధరలు ప్రపంచమంతా ఆకాశంలో ఉన్నయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి తెలిసింది. ఇంటెల్ ఏడో తరం చిప్పుల నుంచి, 2017 నుంచి వచ్చినవాటిలో, హెచ్‌ఈవీసీ, వీపీ9 రెండూ విప్పే భాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. వేరే కార్డు అక్కరలేదు. ఆరో తరంలో సగమే ఉంది. నాలుగో తరానిది ఎంత పెద్ద ఐ7 అయినా హెచ్‌ఈవీసీని తనంతట తాను పూర్తిగా విప్పలేదు. దుకాణాల్లో "ఐ7 సార్" అని నాలుగో తరానివే ఎక్కువ అంటగడతారు. ఐ3, ఐ5, ఐ7 చూడకండి, వెనక ఉన్న అంకె చూడండి.

సెప్టెంబర్‌లో బడులు తెరిచారు. అవ్వ చిట్టి పాట పాడి ఎత్తింది. ఇరవై వేల చిట్టి 15,500కు పోయింది. ఆ డబ్బు నా చేతిలో పెట్టినప్పుడు ఏమీ అనలేదు. ఆదివారం తప్పించి, దుకాణాలుండే రోజు చూసుకుని, తెల్లారుజాము బస్సుకు కోరుట్ల నుంచి పట్నంలో జూబ్లీ బస్‌స్టేషన్‌కు పోయాను. ఐదు గంటల పైన ప్రయాణం. అక్కడి నుంచి ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంపెనీలు వాడి తీసేసిన చిన్న డబ్బాలు అక్కడ వరుసగా పేర్చి ఉంటయి. పుస్తకమంత సైజు. నేను ఎంచుకున్నది డెల్ ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో, ఐ3-7100టీ, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ. వెనక హెచ్‌డీఎంఐ. దీని ప్రాసెసర్‌కు 35 వాట్ల లెక్క, పాతదానికి 65. ల్యాప్‌టాప్‌ల్లాంటి అడాప్టర్, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఫ్యాన్ చప్పుడు చెవి ఆనిస్తే తప్ప వినిపించదు. జబ్బు మనిషి మంచం దగ్గర పెట్టేదానికి అది కూడా లెక్కే, పాత డబ్బా రాత్రిళ్లు రొద పెట్టేది.

డబ్బులు ఇవ్వకముందు జేబులో నుంచి తమ్ముని పెన్‌డ్రైవ్ తీశాను. "ఇది ఆడించి చూపించన్నా" అన్నాను. దుకాణం పిల్లవాడు ఏమీ అనకుండా తగిలించాడు. వీఎల్‌సీలో తెరిచాం. చెయ్యి కదిలింది. సగం మొకం పూర్తి మొకం అయింది. రాయికల్ ఆయన. పది నెలలు ఆగిపోయి ఉన్న మనిషి నవ్వుకుంటూ ముందుకొచ్చి బాపును పిలిచాడు. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ పది శాతం లోపే. విప్పే పని మొత్తం గ్రాఫిక్స్ భాగం చేస్తున్నది. పదకొండు ఫైళ్లూ నిలబడి చూశాను. పిల్లవాడు కుర్చీ తెచ్చి వేశాడు.

డబ్బా 12,500. కెమెరా 1,400. వైరుతో తగిలించే డీవీడీ డ్రైవ్ 1,100. చిట్టి డబ్బులో 500 మిగిలితే అది బస్సుకు అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటింది. బాపు మేల్కొనే ఉన్నాడు. డబ్బాను టీవీ వెనక, గోడకు, నేలకు ఐదడుగుల ఎత్తున బిగించాను, తంబాకు పొడి అందకుండా. అవ్వ లోపలే కూర్చుంది. ఫైళ్లన్నీ పెట్టాను. బాపు మాట్లాడలేదు. మాట మళ్లీ రానూ లేదు. చూశాడు. అయిపోయాక చూపుడు వేలు పైకెత్తాడు, ఇంకోసారి అని. మూడుసార్లు పెట్టాను. మూడోసారి రాయికల్ ఆయన వచ్చినప్పుడు ఎడమ చెయ్యి నుదుటికి ఆనించి సలాం పెట్టాడు.

తమ్ముడు 2022 డిసెంబర్‌లో సెలవు మీద వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఆ టీవీలోనే బాపు ముందు కూర్చున్నాడు. ఆ డబ్బా ఇప్పటికీ నడుస్తున్నది. ఆరు నెలలకోసారి మూత తీసి దుమ్ము దులుపుతాను. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయినయి, మా ఏడో తరం చిప్పును విండోస్ 11 జాబితాలో చేర్చలేదు. అందుకని దీంట్లో లినక్స్ మింట్ వేశాను, జూమ్ దాంట్లోనూ పనిచేస్తది. ఇప్పుడు కొనేవాళ్లు, విండోసే కావాలంటే, ఎనిమిదో తరానికి తక్కువ తీసుకోకండి.

గల్ఫ్ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌లు, ఆన్‌లైన్ పాఠాలు, మంచం పట్టిన మనుషులు ఉన్న ఇండ్లు మా దిక్కు చాలా ఉన్నయి. ఆ ఇండ్లవాళ్లకు నాది ఒక్కటే విన్నపం. దుకాణానికి ఉత్త చేతులతో పోకండి. మీ ఇంట్లో ఆడాల్సిన ఫైలునే పట్టుకుపోండి. మీ కండ్ల ముందర, మొదటి నుంచి చివరిదాకా ఆడించుమనండి. ఆడినంక పైసలియ్యండి.